చూడాల వేసిన వేషం

మదనపల్లెలో కొత్తగా రాస్తున్న ఆడపిల్లల కోసం పెట్టిన ఒక కథా కార్యశాలకి నన్ను పిలిచారు. రెండోరోజు భోజనాలయ్యాక ఒకమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. చేతిలో తను రాసిన కథ. టమోటా మండీలో కాయలు ఏరి వేరుచేసే ఒక ఆడమనిషి గురించి రాసింది. ఒక పత్రికకి పంపితే తిరిగొచ్చిందట. "కథ ఉంది, కన్నీళ్ళూ ఉన్నాయి. మధ్యలో మూడు పేజీలు మాత్రం వ్యాసంలా ఉన్నాయి, అవి తీసేసి పంపండి" అని జవాబు రాశారట. "కథలో ఆలోచన ఎక్కువైతే కథ చచ్చిపోతుందా మేడమ్?" అని అడిగింది.

నేను అందరూ చెప్పే జవాబే చెప్పాను. కథ, ఉద్వేగం, ఆలోచన మూడూ సమపాళ్ళలో కలవాలనీ, ఏదీ విడిగా పైకి తేలకూడదనీ. ఆ అమ్మాయి తలూపింది. ఆ తలూపడంలో నమ్మకం లేదు. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నేను ఆ పిల్లకి వంట కొలతలాంటిదేదో చెప్పి పంపేశానని కుప్పం బస్సెక్కాక గానీ నాకు తెలిసిరాలేదు.

మదనపల్లె నుంచి కుప్పం పోయే దారిలో పుంగనూరు వస్తుంది. మా అవ్వ ఇల్లు అక్కడే ఉండేది. సుగుటూరు గంగమ్మ జాతర వచ్చిందంటే పిల్లలందరం అవ్వ దగ్గర చేరేవాళ్ళం. అవ్వ తిరుపతి గంగమ్మ కథ చెప్పేది. కంటికి నచ్చిన ఆడపిల్లనల్లా చెరబట్టే పాలెగాడు, వాణ్ణి చంపడానికి అమ్మవారు రోజుకో వేషం వేసి వెతకడం, చివరికి దొర వేషంలో పోయి తల నరకడం. చెబుతూ చెబుతూ అవ్వ మధ్యలో ఆగిపోయేది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అమ్మవారయ్యుండీ ఆడమనిషిగా పోతే పని జరగల్యా చూడండి. మగ వేసం కట్టాల్సొచ్చె" అనేది. కాసేపు ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు. ఆ తర్వాత కథ మళ్ళీ నడిచేది.

అవ్వ చెప్పిన దాంట్లో కథ ఎక్కడ ఆగింది, ఏడుపు ఎక్కడ మొదలైంది, ఆలోచన ఎక్కడ వచ్చింది అని ఆ రోజు మాలో ఎవరికీ అనుమానం రాలేదు. నేనుండే కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉంది. ఇక్కడి బస్టాండులో ఒకే మనిషి తమిళంలో బేరమాడి, తెలుగులో తిట్టి, కన్నడంలో బస్సు గురించి అడుగుతుంది. ఏ భాష ఎక్కడ ముగిసిందని ఆమెనెవరూ అడగరు. అడిగేది పరీక్ష పెట్టేవాళ్ళే. సాహిత్యంలోనూ కథని, ఉద్వేగాన్ని, ఆలోచనని విడదీసి తూచే అలవాటు చెప్పుకునే వాళ్ళది కాదు, తీర్పు చెప్పే వాళ్ళది. నేనూ కొన్నేళ్ళుగా ఆ తీర్పు చెప్పే వరసలోనే కూర్చున్నాను. అందుకే ఈ వ్యాసం కొంత విమర్శ, కొంత ఒప్పుకోలు.

ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు మదనపల్లె పక్కనే ఉంది. గుర్రంకొండకి దగ్గరగా తరిగొండ అనే ఊరుంది. 1730 ప్రాంతంలో అక్కడ పుట్టి, తిరుమలలో 1817లో కన్నుమూసిన వెంగమాంబ పేరు తెలియని తెలుగువాళ్ళు తక్కువ. ఆమె గురించి మనకేం తెలుసు అని ఎవరికి వాళ్ళం ప్రశ్నించుకుంటే ఒక కథ గుర్తొస్తుంది. బాల్యవివాహం, బాల వైధవ్యం. గుండు గీయించుకోనని మొండికేయడం, పీఠాధిపతి ముందు నిలబడటం, ఊళ్ళో నిలవనీయకపోతే కొండకెక్కడం. ఇది గొప్ప కథే. 2009లో మీనా వెంగమాంబగా నటించిన సినిమా కూడా వచ్చింది. ఇక ఉద్వేగం అంటే, ఏకాంత సేవలో స్వామికి ఆమె పేరు మీద ఇచ్చే ముత్యాల హారతి. "తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి" అన్న నానుడి ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ నానుడిలో ఆమె పేరు కూడా లేదు, ఊరి పేరుంది. తిరుమలలో రోజూ వేలమంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరు పెట్టారు. అంటే ఆమె కథ దక్కింది, భక్తి దక్కింది, చివరికి అన్నం కూడా దక్కింది. మరి ఆమె ఆలోచన ఏమైంది?

ఆమె రాసిన వాటి పేర్లు వరసగా చదివితే చాలు, ఈ ప్రశ్న ఎంత న్యాయమైందో తెలుస్తుంది. నృసింహ శతకం, రాజయోగసారం, వాసిష్ఠ రామాయణం, ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం, అష్టాంగయోగసారం, ముక్తికాంతా విలాసం, చెంచు నాటకం, గోపీ నాటకం, తత్త్వకీర్తనలు. ఇందులో ఆడవాళ్ళు నోటికి నేర్చుకుని పాడుకోగల పాటలున్నాయి, ఆడగల యక్షగానాలున్నాయి, యోగశాస్త్రం ఉంది, వేదాంతం ఉంది. మదనపల్లెకి చెందిన సుబ్రహ్మణ్య దేశికుల దగ్గర ఆమె యోగవిద్య నేర్చుకుంది. ఆ రోజుల్లో ఒక విధవరాలు గురువుని వెతుక్కుని ఊరు దాటి శాస్త్రం చదవడం గుండు చేయించుకోననడం కంటే చిన్న తిరుగుబాటు కాదు. కానీ సినిమాకి మొదటిది పనికొచ్చినట్టు రెండోది పనికిరాదు. జుట్టు కోసం పోరాడటం కంటికి కనిపిస్తుంది, చదువుకోవడం కనిపించదు.

దీనికి తోడు వెంగమాంబే ఒక మాట చెప్పి పెట్టింది. తనకి చిన్నప్పుడు ఓనమాలైనా ఎవరూ చెప్పలేదనీ, ఛందస్సూ అలంకారాలూ తెలియవనీ, తరిగొండ నృసింహుడే తనతో పలికించాడనీ. ఇలాంటి మాట పోతనా చెప్పాడు. పోతన చెబితే మనం దాన్ని వినయం అన్నాం, భక్తికి పరాకాష్ఠ అన్నాం. ఆయన పాండిత్యాన్ని ఎవరమూ శంకించలేదు. తనకి శాస్త్రాలు రావని మొల్ల అన్నా, వెంగమాంబ అన్నా మాత్రం దాన్ని వాంగ్మూలంలా రాసుకున్నాం. పలికించింది దేవుడైతే ఆలోచించింది కూడా దేవుడే అయిపోయాడు. ఆమెకి మిగిలింది నోరు మాత్రమే.

ఇలా జరిగింది పాత కాలంలోనే, భక్తి విషయంలోనే అనుకోవడానికి లేదు. మదనపల్లె పేరు చెప్పగానే చదువుకున్న వాళ్ళకి 1919 గుర్తొస్తుంది. ఆ ఏడు రవీంద్రనాథ్ టాగోర్ ఇక్కడి థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళుండి జనగణమనని ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆ పాటకి స్వరలిపి రాసిన మార్గరెట్ కజిన్స్‌ని ప్రిన్సిపాల్ గారి భార్యగా, సంగీతం తెలిసిన దొరసానిగా గుర్తుపెట్టుకున్నాం. ఆమె ఓటు హక్కు కోసం ఇంగ్లండులోనూ ఐర్లండులోనూ జైలుకి పోయొచ్చిన మనిషి. మదనపల్లెలో స్వరాలు రాయడానికి రెండేళ్ళ ముందే, 1917లో, మద్రాసులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌ని స్థాపించిన వాళ్ళలో ఒకరు. ఆమె బాణీ మనకి గుర్తుంది. ఆమె రాజకీయం గుర్తులేదు.

ఇక్కడ మన స్త్రీవాద విమర్శని కూడా ఒక మాట అడగాలి. ముద్దుపళని వెంగమాంబకి సమకాలీనురాలు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రచురించిన 'రాధికా సాంత్వనం' మీద నిషేధం పడటం, ఆ తర్వాత నడిచిన పోరాటం మనకి కంఠోపాఠం. 1991లో సూసీ తారు, కె. లలిత తెచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' ఆ కథని ప్రపంచానికి చెప్పింది. ఆ పని జరిగి తీరాల్సిందే. ఒక స్త్రీ తన కోరికని తన మాటల్లో చెప్పుకోవడం మాకందరికీ బలాన్నిచ్చింది. అయితే కోరికని చదవడానికి పరికరాలు తయారుచేసుకున్నంత శ్రద్ధగా, ఒక స్త్రీ చేసిన తాత్విక చింతనని చదవడానికి తయారుచేసుకున్నామా? వేదాంతం అనగానే అది బ్రాహ్మణీయం, పితృస్వామ్యం అని పుస్తకం మూసేశాం. ఆ అనుమానం అబద్ధం కాదు. కానీ అనుమానం చదవడానికి మొదలు కావాలి గానీ, చదవకపోవడానికి సాకు కాకూడదు.

ఈ మాట ఎవరినో అనడం లేదు. నా సిద్ధాంత గ్రంథంలో వెంగమాంబకి నేనిచ్చింది అర పేజీ. "భక్తి కవయిత్రులు" అన్న శీర్షిక కింద ఆమె జీవిత కథ నాలుగు వాక్యాల్లో, రచనల పట్టిక మూడు వాక్యాల్లో రాసి ముందుకెళ్ళిపోయాను. అదే గ్రంథం మొదటి ప్రతిలో మా అవ్వ కథ చెప్పే తీరు గురించి పదిహేను పేజీలు ఉండేవి. "పరిశోధనలో అవ్వలకేం పని? ఉద్వేగం తగ్గించండి" అన్నారు పెద్దలు. తీసేశాను. ఆ పిల్లని మూడు పేజీల ఆలోచన తీసెయ్యమన్నారు, నన్ను పదిహేను పేజీల ఉద్వేగం తీసెయ్యమన్నారు. కథ రాస్తే ఆలోచించకూడదు, పరిశోధన చేస్తే ఏడవకూడదు. రెండు చోట్లా కత్తెర ఒకటే.

మళ్ళీ వెంగమాంబ దగ్గరికి వస్తాను. ఆమె ఎంచుకున్న రూపాల్ని చూడండి. ద్విపద, యక్షగానం. రెండూ దేశి రూపాలే. రెండు పాదాల ద్విపద నోటికి సులువుగా వస్తుంది, పనిచేస్తూ పాడుకోవచ్చు. పండితులు దాన్ని చిన్నచూపు చూశారు. పనికిమాలిన వాటి జాబితాలో ద్విపదనీ ముసలి వేశ్యనీ పక్కపక్కన పెట్టి ఈసడించిన చాటువు కూడా ఉంది. ఒక ఛందస్సుని తిట్టడానికి ఆడదాని శరీరం కావాల్సి రావడం గమనించండి. తాళ్ళపాక తిమ్మక్క 'సుభద్రా కల్యాణం' ద్విపదలోని ఒక భేదమైన మంజరీ ద్విపదలో ఉంది. తంజావూరు రంగాజమ్మ 'మన్నారుదాస విలాసం' యక్షగానం. ఆడవాళ్ళకి కష్టమైన ఛందస్సులు రాక ఈ రూపాలెంచుకున్నారు అనేది తేలిక జవాబు. శతకమూ పద్యకావ్యమూ కూడా రాసిన వెంగమాంబ విషయంలో ఆ జవాబు చెల్లదు. తన ఆలోచన ఎవరికి చేరాలనుకుందో వాళ్ళ నోటికి అందే రూపాన్ని ఆమె ఎంచుకుంది అనుకోవడమే న్యాయం.

రాజయోగసారం ఇతివృత్తం భాగవతంలోని కపిల దేవహూతి సంవాదం. తల్లి అడుగుతుంది, కొడుకు చెబుతాడు. చెప్పేవాడు మగవాడే కదా, ఇందులో కొత్తేముంది అనొచ్చు. నేను అడిగే మనిషిని చూడమంటున్నాను. మొగుడు సన్యాసం పుచ్చుకుని వెళ్ళిపోయాడు. కూతుళ్ళు పెళ్ళిళ్ళై వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళ సంసారం తర్వాత దేవహూతి కొడుకు ముందు కూర్చుని, ఈ బంధం నుంచి బయటపడేదెలా అని అడుగుతోంది. ఆ ప్రశ్న శాస్త్రం నుంచి పుట్టింది కాదు, ఖాళీ అయిన ఇంట్లోంచి పుట్టింది. ఆ ఇంటిని తీసేస్తే సాంఖ్యం వట్టి సూత్రాల మూట అవుతుంది. ఆ ప్రశ్నని తీసేస్తే దేవహూతి ఏడుస్తూ కూర్చున్న ఇంకో ఇల్లాలు అవుతుంది. కథ, బాధ, ఆలోచన ఇక్కడ కలవలేదు. కలవడానికి అవి ఎప్పుడూ విడిగా లేవు.

'ముక్తికాంతా విలాసం' పేరే చూడండి. ముక్తి అనే భావన ఒక ఆడదై రంగం మీదికి వచ్చింది. యక్షగానం అంటే పాట, మాట, అడుగు. మెదడుతో పట్టుకోవాల్సిన దాన్ని చెవికీ కంటికీ ఇవ్వడానికి ఆమె ఈ రూపాన్ని తీసుకుంది. ఆలోచనకి పాత్రగా మారే శక్తి ఉందని నమ్మిన వాళ్ళు మాత్రమే ఇలాంటి పని చేయగలరు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది వాసిష్ఠ రామాయణం. దీనికి మూలం సంస్కృత యోగవాసిష్ఠం. ఆ గ్రంథంలో కథలోంచి కథ పుడుతూనే ఉంటుంది. అక్కడ చూడాల అనే రాణి ఉంది. భర్త శిఖిధ్వజుడు. ఇద్దరూ కలిసి ఆత్మవిద్య చదువుతారు. ముందు జ్ఞానం కలిగింది ఆమెకి. ఆ సంగతి చెప్పబోతే రాజు నవ్వేశాడు. చిన్నపిల్లవి, ఏదో మాట్లాడుతున్నావని కొట్టిపారేశాడు. తర్వాత ఆయన జ్ఞానం కోసం రాజ్యం వదిలి అడవికి పోయాడు. ఆమె రాజ్యం నడిపింది. కొన్నేళ్ళకి కుంభుడనే బ్రాహ్మణ కుమారుడి రూపంలో అడవికి వెళ్ళి, చింతామణి కథ, ఏనుగు కథ చెప్పి, రాజు దారి తప్పిన చోటుని చూపించింది. అన్నీ వదలడమంటే ఉన్నవన్నీ తగలబెట్టి, ఒంటిని కూడా వదిలేయడం అనుకున్న వాణ్ణి ఆపింది. ఇంట్లో భార్యగా చెప్పిన మాటనే కుర్రవాడి నోటితో చెప్పింది. ఈసారి ఆయన విన్నాడు.

మా అవ్వ కళ్ళు తుడుచుకున్న చోటు ఇదే కదా. గంగమ్మ దొర వేషం వేసింది, చూడాల కుంభుడి వేషం వేసింది. శక్తి ఆమెదే, జ్ఞానమూ ఆమెదే, వేషం మాత్రం మగది. ఈ కథ ఉన్న గ్రంథాన్నే ఒక విధవరాలు ద్విపదలో పెట్టిందన్న సంగతిని నేను తేలిగ్గా తీసుకోలేను. చూడాల కుంభుడి రూపం తీసుకుంటే, వెంగమాంబ నృసింహుడు పలికించాడన్న మాటని వేషంగా వేసుకుంది. అలా అనకపోతే ఎవరు విననిస్తారు? ఆ వేషాన్ని ఆమె నిజస్వరూపంగా తీసుకోవడం శిఖిధ్వజుడి అమాయకత్వం. రెండు వందల ఏళ్ళు దాటినా మనం ఇంకా కుంభుడితోనే మాట్లాడుతున్నాం.

ఆధునిక రచయిత్రులకి ఈ వేషం తప్పిందా అంటే, నాకు అనుమానమే. ఇప్పుడు కథే ఆ వేషం అయింది. ఆడవాళ్ళు కథ చెబితే వింటారు, కన్నీళ్ళు పెట్టిస్తే మెచ్చుకుంటారు. ఆలోచన బయటికి కనిపిస్తే ఉపన్యాసం అంటారు. చిత్తూరు జిల్లా రచయిత్రి ఆర్. వసుంధరాదేవి కథల గురించి ఎవరు మాట్లాడినా 'తాత్వికం' అన్న మాట వస్తుంది. చర్చ మొదలవ్వాల్సిన మాట దగ్గర చర్చ ముగిసిపోతోంది. ఓల్గా 'విముక్త' కథల్లో బయటికి జరిగేది చాలా తక్కువ. సీత శూర్పణఖని కలుస్తుంది, అహల్యని, రేణుకని, ఊర్మిళని కలుస్తుంది. ఇద్దరాడవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారు. ఇందులో కథెక్కడుంది అని అడిగేవాళ్ళుంటారు. ఒక మాట విన్న తర్వాత సీత ఆ మాట వినకముందున్న సీత కాదు. అంతకంటే పెద్ద సంఘటన ఏ కథలో జరుగుతుంది? దేవహూతి సంవాదానికీ ఈ సంవాదాలకీ మధ్య ఒక తేడా మాత్రం చరిత్ర తెచ్చింది. ఇక్కడ అడిగేదీ స్త్రీయే, చెప్పేదీ స్త్రీయే. వేషం తీసేసిన చూడాలలు వీళ్ళు.

అయితే ఆలోచన ఉన్నంత మాత్రాన ప్రతి కథా నిలబడుతుందని నేననడం లేదు. అలా అంటే అది మన పట్ల మనం చూపించుకునే జాలి అవుతుంది. స్త్రీవాద కథల్లో పాత్రల నోట్లో నినాదాలు పెట్టినవి ఉన్నాయి. అవెందుకు విఫలమయ్యాయి? ఆలోచన ఎక్కువై కాదు. ఆ ఆలోచన ఆ మనిషికి ఆ క్షణంలో అవసరం కాకపోవడం వల్ల. దేవహూతి ప్రశ్న అడగకపోతే బతకలేదు. చూడాల కుంభుడై వెళ్ళకపోతే అడవిలో మొగుడు ప్రాణం తీసుకునేలా ఉన్నాడు. ఆలోచన వల్ల ఏదో పోతుంది, లేదా ఏదో దక్కుతుంది అన్నప్పుడు అదే కథ. ఎవరికీ ఏమీ కానప్పుడు, ఎంత అందంగా చెప్పినా అది ఉపన్యాసమే. కాబట్టి ఎంత ఆలోచన ఉంది అని కొలవడం దండగ. ఎవరి ఆలోచన, ఎవరితో చెబుతోంది, చెబితే ఏమవుతుంది అని అడగాలి.

ఇంటికొచ్చాక ఆ అమ్మాయి కథని మళ్ళీ చదివాను. కాయల్ని సైజుల వారీగా ఏరి పెట్టెల్లో పోసే ఆ ఆడమనిషి, పొద్దున వేలంలో పలికిన ధరనీ సాయంత్రం తన చేతిలో పడిన కూలినీ పక్కపక్కన పెట్టుకుంటుంది. ధర పెరిగిన రోజు తన కూలి ఎందుకు పెరగదు, ధర పడిపోయిన రోజు తనకి పనే ఎందుకు ఉండదు? ఏరేది తనైనప్పుడు ఏది మంచి కాయో చెప్పే హక్కు ఎవరిది? మూడు పేజీలూ ఇదే. ఆ పేజీలే ఆ కథకి ప్రాణం. వాటిని తీసేస్తే మిగిలేది ఇంకో పేదరాలి కన్నీటి కథ.

కానీ ఆ పత్రికవాళ్ళ మాటలో కొంత నిజం కూడా ఉంది, అది నేను దాచకూడదు. ఆ మూడు పేజీల్లో భాష మారిపోయింది. అంతవరకూ మదనపల్లె మాట మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి పాఠ్యపుస్తకంలా ఆలోచించడం మొదలుపెట్టింది. అంటే అక్కడ ఆలోచించింది ఆ కూలిమనిషి కాదు, రచయిత్రి. కూలిమనిషికి తనంతట తను ఆలోచించడం వచ్చని రాసే పిల్ల కూడా పూర్తిగా నమ్మలేదు. వెంగమాంబ నోటి నుంచి ఆలోచనని తీసి నృసింహుడికిచ్చిన మనకీ, ఆ కూలిమనిషి ఆలోచనని తీసి తన పుస్తకాల భాషకిచ్చిన ఆ అమ్మాయికీ పెద్ద తేడా లేదు.

అందుకని ఆమెకి ఉత్తరం రాశాను. మొదట నేనిచ్చిన సమపాళ్ళ జవాబు తప్పని రాశాను. ఆ మూడు పేజీల్లో ఒక్క ప్రశ్న కూడా తీసేయొద్దని రాశాను. అయితే అవి రచయిత్రి చెప్పకుండా, ఆ ఆడమనిషే తన పక్కన కూర్చుని కాయలేరే ఇంకో ఆడమనిషితో, తన మాటల్లో, చేతులు ఆడుతుండగా చెప్పాలని రాశాను. మండీ యజమాని వినేంత దూరంలో ఉంటే ఇంకా మంచిది. అప్పుడు ఆ ఆలోచనకి వెల ఉంటుంది. రేపటి పని ఉంటుందో ఊడుతుందో అన్న భయం ప్రతి మాటలోనూ ఉంటుంది.

ఉత్తరం పోస్టు చేసి వచ్చి, నా సిద్ధాంత గ్రంథం పాత ప్రతిని బయటికి తీశాను. తీసేసిన పదిహేను పేజీలు అట్ట వెనక అలాగే ఉన్నాయి. వెంగమాంబ అర పేజీ పక్కన వాటిని పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఈసారి మొదటి అధ్యాయం అవ్వ ఆగిన చోటి నుంచి రాయాలి.